కొంచెం నూనెతో కరకరలాడే లుక్మీ
(వార్షికోత్సవ సందర్భంగా మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు, "నాకు వంటిల్లు తప్ప ఏం తెలుసు?" అన్నాను. "అదే చెప్పు బేటీ" అన్నారు పెద్దలు. అందుచేత ఇవాళ సమోసా, లుక్మీల గురించే మనవి చేసుకుంటాను. నవ్వకండి. ఇందులో మా ఇంటి పెద్దాయన సంగతి ఉన్నది.

మా మామగారికి గుండెజబ్బని తేలిన ఏడు, నూనెలో వేయించినవి మానమన్నారు డాక్టరుగారు. ఆ రంజాన్‌లో ఇఫ్తారు వేళకు దస్తర్‌ఖాన్ మీద అందరి ముందూ సమోసాలు, ఆయన ముందు ఖర్జూరాలు, పండ్ల ముక్కలు. ఆయన ఒక్కమాటా అనలేదు. నాలుగోనాడు మాత్రం, "నాకు లోపలి గదిలో పెట్టమ్మా" అన్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకున్నది.

సమోసా మనకు నిన్నమొన్నటిది కాదు గదా. ఢిల్లీ సుల్తానుల విందుల్లో ఖీమా, బాదం, పిస్తా నింపి నేతిలో వేయించిన సంబూసాల గురించి 14వ శతాబ్దంలోనే ఇబ్న్ బతూతా రాశాడు. ఇక లుక్మీ మన హైదరాబాదు పెళ్లివిందుల సొత్తు. 'లుక్మా' అంటే ముద్ద. ఇంత పాత రుచిని పెద్దవాళ్లకు ఒక్కసారిగా మానమనడం తేలిక కాదు.

మా అబ్బాయి ఎయిర్ ఫ్రైయర్ కొనితెచ్చాడు. ఫిలిప్స్ కంపెనీవారు 2010లో బెర్లిన్ ప్రదర్శనలో చూపించిన తరువాత ఈ పరికరం ఇళ్లలోకి వచ్చింది. పేరు చూసి భ్రమపడకండి, ఇది వేయించదు. పైన కాయిల్ వేడెక్కుతుంది, ఫ్యాను ఆ వేడిగాలిని బుట్ట చుట్టూ తిప్పుతుంది. చిన్న భట్టీ అనుకోండి, అంతే.

మొదటిరోజు నేను చేసిన సమోసాలు అట్టముక్కల్లాగా వచ్చాయి. పైన తెల్లగా, లోపల తడిగా! తప్పు మెషీనుది కాదు, నాదే. కాగిన నూనె పిండిని అన్ని వైపులా అంటి, తడిని బుడగలుగా బయటికి తోలేస్తుంది. గాలికి అంత శక్తి లేదు. కాబట్టి తడి తీసే పని ముందే మనం చెయ్యాలి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. రెండు కప్పుల మైదాలో రెండు పెద్ద చెంచాల నెయ్యి, రెండు చెంచాల పెరుగు, ఉప్పు వేసి, కొద్ది నీళ్లతో గట్టిగా పిసకండి. తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. పావుకిలో ఖీమాను అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ఉప్పుతో పూర్తిగా ఉడికించి, నీరంతా ఇగిరి గిన్నె అడుగు పొడిగా కనబడేదాకా వేయించండి. మెషీనులో పైపొర ఎర్రబడుతుందే గాని పచ్చి ఖీమా ఉడుకుతుందని నమ్మకండి. ఉల్లిగడ్డ, కొత్తిమీర, పుదీన, నిమ్మరసం చివర్న కలిపి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా నింపితే ఆవిరి పట్టి పిండి మెత్తబడుతుంది.

పలుచగా వత్తి, మూడంగుళాల చదరాలు కోసి, నింపి, అంచులు తడిచేసి గట్టిగా నొక్కండి. ఒక్కోదానికి రెండు వైపులా కలిపి అర టీస్పూను నూనె పూయండి. ఇది మానకండి, ఎర్రదనం, కరకర దానివల్లనే. మెషీనును 180 డిగ్రీల వద్ద మూడు నిమిషాలు ముందే వేడిచేసి, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. ఏడెనిమిది నిమిషాలకు తిప్పి, మరో ఆరేడు నిమిషాలు ఉంచండి. పలుచని పట్టీ సమోసాలకు పది పన్నెండు నిమిషాలు చాలు. నల్లబడనివ్వకండి.

మిర్చిబజ్జీ, పకోడీ మాత్రం ఇందులో కావు. జారుపిండి బుట్టలోంచి కారిపోతుంది.

లాభం ఇంకొకటి. కడాయిలో మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచే అలవాటు మనకున్నది. అలా కాగిన నూనె చెడిపోతుంది. వేయించే నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం మించకూడదని దేశంలో 2018 జూలై 1 నుంచి నియమం ఉన్నది. ఇంట్లో దాన్ని కొలిచేవారెవరు? మిగలని నూనెకు ఆ బాధే లేదు.

అయితే నిజం కూడా చెప్పాలి. నూనె తగ్గినా మైదా మైదాయే, పిండిలో నెయ్యీ ఉన్నది. షుగరున్నవారు రెండుతో ఆపాలి, డాక్టరును అడిగి తినాలి. ఈ పరికరం చాలావరకు 1500 వాట్లు లాగుతుంది, ఎక్స్‌టెన్షన్ తీగకు పెట్టకండి, పవర్ ప్లగ్గుకే పెట్టండి. కొనే స్తోమత లేనివారు అప్పు చెయ్యవద్దు. ఇదే లుక్మీని మూతపెట్టిన పెనం మీద చెంచా నూనెతో, సన్నని సెగన తిప్పుతూ కాల్చుకోవచ్చు.

మన యాదగిరిగుట్టలో ఇరుగుపొరుగులో మాంసం ముట్టనివారున్నారు. వారికి ఆలుగడ్డ, బఠాణీ నింపినవి వేరే గిన్నెలో, ఖీమా కంటే ముందే, కడిగిన బుట్టలో చేస్తాను. వారూ నమ్మకంతో తింటారు.

మరుసటి ఏడు రంజాన్‌లో డాక్టరుగారిని అడిగాను. "అప్పుడప్పుడు, ఒకటి రెండు" అన్నారు. ఆ సాయంత్రం మామగారి ముందు కూడా లుక్మీ పెట్టాను. ఆయన కొరికితే కరకరమన్నది. "ఇదేనా నూనె లేనిది?" అని అడిగారు. "కొంచెం ఉన్నది అబ్బా" అన్నాను. ఆయన మళ్లీ లోపలి గది మాట ఎత్తలేదు.

అక్కచెల్లెళ్లారా, పత్యం ఉన్నవారిని దస్తర్‌ఖాన్‌కు దూరం చెయ్యకండి. అందరూ తినగలిగేలా వంటనే కాస్త మార్చుకుందాం. ఇంతే నా మనవి. సెలవు.