డ్యూటీకి తిరిగి వెళ్ళిన తల్లి, ఇంట పాలబిడ్డ

 

 

కొద్ది వారాల క్రితం అస్ర్ నమాజు తరువాత ఒక యువకుడు మిహ్రాబు ప్రక్కనే కూర్చుండిపోయాడు. అందరూ వెళ్ళిన తరువాత తల వంచుకొని ఒక మస్అలా అడిగాడు. అతని భార్య నాచారం పారిశ్రామిక వాడలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పని చేస్తున్నది. ప్రసూతి సెలవు ముగిసి డ్యూటీలో చేరి నెల దాటింది. బాబుకు ఏడు నెలలు. ఆమె మధ్యాహ్నం చేతిపంపుతో పాలు పిండి, సీసాలో పోసి, క్యాంటీను ఫ్రిజ్‌లో ఉంచి, సాయంత్రం ఇంటికి తెస్తుంది. మరునాడు ఆమె పనిలో ఉండగా దాదీ ఆ పాలను ఉగ్గుగిన్నెతో బాబుకు పడుతుంది. అదే యూనిట్‌లో ఒక హిందూ సోదరి, ఆడబిడ్డ తల్లి, ఇదే విధంగా చేస్తున్నది. ఇద్దరి సీసాలూ ఒకే దుకాణంలో కొన్నవి, నీలి మూతవి. ఒకనాడు షిఫ్టు వదిలే తొందరలో అవి తారుమారైనవి. తన సీసా అడుగున పెట్టుకున్న నెయిల్ పాలిష్ చుక్క ఇంటికి తెచ్చిన సీసాకు లేదని ఆ సోదరి గమనించి, తెరవకుండా ప్రక్కన పెట్టింది. మరునాడు పనిలో ఈమెకు చెప్పింది. ఈమె ఇంటికి ఫోను చేసేసరికి బాబు ఆ పాలు రెండుసార్లు త్రాగి ఉన్నాడు.

"హజ్రత్, మావల్ల పాపం జరిగినట్లా? బాబుకేమైనా దోషమా?" అని ఆ యువకుని భయం.

మేము చెప్పిన సమాధానం ఇది. పొరపాటున జరిగినదానికి పాపం లేదు. తల్లిపాలు పరిశుద్ధమైనవి, ఆ తల్లి ఏ ధర్మానికి చెందినదైనా సరే. అయితే రజాఅత్, అనగా పాల బంధుత్వం, స్థిరపడింది. మన హనఫీ ఫిఖ్హ్ ప్రకారం రెండేళ్ళ లోపు బిడ్డ కడుపులోకి నోటి ద్వారా ఒక స్త్రీ పాలు కొద్దిగా చేరినా చాలు, ఆమె ఆ బిడ్డకు రజాయీ తల్లి అవుతుంది. షాఫయీ ఇమాములు అయిదుసార్లు త్రాగవలెనన్నారు, అది వేరే చర్చ. రొమ్ము నుండి త్రాగినా, గిన్నెతో పోసినా తీర్పు ఒకటే. కనుక ఆ సోదరి ఈ బాబుకు పాలతల్లి, ఆమె కుమార్తె పాలచెల్లెలు. లిఖితపూర్వకంగా కావలెనంటే జామియా నిజామియా దారుల్ ఇఫ్తాలో అడగవచ్చునని కూడా చెప్పాము.

యువకుడు ఊపిరి పీల్చుకున్నాడు. మాకు మాత్రం మరొక ప్రశ్న మిగిలింది. సీసాలు ఎందుకు తారుమారైనవి? అడిగితే ఒక్కొక్కటిగా చెప్పాడు. పాలు పిండుకొనుటకు చోటు లేదు. అట్టపెట్టెలు పేర్చిన స్టోరు గదిలో ఒకరు కూర్చుంటే మరొకరు తలుపు వద్ద నిలబడవలెను. భోజన విరామపు అరగంటలోనే అన్నమూ, ఇదీ. స్టోరుకు తాళం ఉన్న రోజున బాత్రూమే గతి. అక్కడ పిండిన పాలు బిడ్డకు పట్టలేక సింకులో పారబోసి ఏడ్చిన రోజులు ఉన్నవట. ఒక్కొక్కప్పుడు మధ్యలోనే పిలుపు వస్తుంది, పాలు చేపి బట్టలు తడిసిపోతవి, పైన బురఖా ఉన్నది గనుక ఎవరికీ కనబడలేదని ఊరట.

సోదరులారా! ఇది మింబరుపై మాట్లాడదగిన విషయమా అని కొందరికి అనిపించవచ్చును. పాలు పట్టుట, పాలు మాన్పించుట, పాలు పట్టే స్త్రీకి ఇవ్వవలసిన ప్రతిఫలం, ఇవన్నీ దివ్య ఖుర్ఆన్‌లో ఉన్నవి. ప్రతి రంజాను తరావీహ్‌లో మనం నిలబడి వింటున్నాము. ధర్మ విషయాలు తెలుసుకొనుటకు సిగ్గును అడ్డు రానివ్వలేదని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. వినుటకు మనం సిగ్గుపడితే ఎట్లా?

మా తప్పు ఒకటి ముందుగా చెప్పవలసి ఉన్నది. దాదాపు పది సంవత్సరాల క్రితం మరొక తండ్రి ఇటువంటి సమస్యతోనే వచ్చాడు. భార్య పనికి పోతున్నది, పాలు తగ్గిపోతున్నవి, ఏమి చేయమంటారని. "పని మాన్పించు" అని ఒక్క మాటలో పంపివేశాము. ఇంటి అద్దె ఎంత, అతనికి నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుంది, ఏదీ అడగలేదు. అతడు మాన్పించలేకపోయాడు. నాలుగో నెలకే ఆమె పాలు ఎండిపోయినవి. డబ్బా పాలు కొన్నారు, పొదుపు కోసం నీళ్ళు ఎక్కువ కలిపారు, బిడ్డ విరేచనాలతో ఆసుపత్రి పాలైంది. అల్లాహ్ దయవలన బ్రతికింది. మాకు ఈ సంగతి చాలా కాలానికి తెలిసింది. ఆనాడు మేము చెప్పినది ఫత్వా అనిపించుకోదు, ఒకరిని వదిలించుకొనుట అది.

సూరా బఖరా 233వ ఆయతును తెరచి చూడండి. తల్లులు పూర్తిగా రెండేళ్ళు పాలు పట్టుట గురించి మనకందరికీ తెలుసు, కోడళ్ళకు గుర్తుచేయుట కూడా తెలుసు. ఆ ఆయతు అక్కడ ఆగలేదు. ఆ తల్లి అన్నవస్త్రాల భారం తండ్రిపై మోపింది. ఎవరిపైనా శక్తికి మించిన భారం ఉండరాదన్నది. బిడ్డ కారణంగా తల్లికి గాని, తండ్రికి గాని నష్టం కలుగరాదన్నది. తండ్రి లేనిచో వారసునిపై అదే బాధ్యత ఉంచింది. పాలు మాన్పించుట కూడా ఇద్దరి సమ్మతి, సంప్రదింపులతో జరగవలెనన్నది. రెండేళ్ళ మాట ఒక్కటి తీసుకొని స్త్రీకి అప్పగించి, తక్కిన వాక్యాలు మనకు వర్తించనట్లు మనం నడుచుకొంటున్నాము.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలపు సంఘటన ఇబ్నె సాద్ గ్రంథం తబఖాత్‌లో ఉన్నది. మదీనా వెలుపల ఒక వర్తక బృందం దిగింది. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో కలిసి ఉమర్ (రజి) రాత్రంతా కావలి కాశారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినబడింది. వెళ్ళి, బిడ్డను చూసుకొమ్మని తల్లికి చెప్పి వచ్చారు. మళ్ళీ ఏడుపు, మళ్ళీ వెళ్ళారు. తెల్లవారు జామున మూడవసారి వెళ్ళి ఆమెను మందలించారు. ఎదుట ఉన్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. పాలు మానిన బిడ్డలకే ఉమర్ భత్యం ఇస్తున్నాడు, అందుకే బలవంతంగా మాన్పిస్తున్నానన్నది. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఉమర్ (రజి) ఎంతగా విలపించారంటే ఆయన పారాయణం వెనుక ఉన్నవారికి స్పష్టంగా వినబడలేదు. తన నియమం వలన ఎందరు పసివారు పోయారోనని కుమిలిపోయారు. ఇకపై పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఉంటుందని, పాలు మాన్పించుటకు తొందరపడవద్దని చాటింపు వేయించారు.

గమనించండి, అంతటి ఉమర్ (రజి) కూడా మొదట తల్లినే తప్పుపట్టారు. కారణం తన నియమంలోనే ఉన్నదని తెలిసిన తరువాత తెల్లవారేలోగా నియమాన్ని మార్చారు. మన యూనిట్లలో, మన ఇళ్ళలో ఉన్న నియమాలను ఈ దృష్టితో ఎప్పుడైనా చూచామా?

ఇక దేశపు చట్టం సంగతి. మన సోదరీమణులలో చాలామందికి ఇది తెలియదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో కూడిన సెలవును 26 వారాలు చేశారు. మూడవ కాన్పు నుండి 12 వారాలే. తిరిగి పనిలో చేరిన తల్లికి బిడ్డ 15 నెలల వాడయ్యేవరకు, మామూలు విరామం గాక, పాలు పట్టుటకు రోజుకు మరి రెండు విరామాలు ఇవ్వవలెను. 50 మంది గాని, అంతకు మించి గాని పనిచేసే చోట క్రెష్ ఉండవలెను, తల్లి అక్కడికి రోజుకు నాలుగుసార్లు వెళ్ళవచ్చును. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఇవి ఉన్నవి. నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికి మందుల కోసం వెళ్ళే మన సోదరీమణులు, ఆ కార్డుపైనే ప్రసూతి సెలవు వేతనం కూడా వస్తుందని తెలుసుకోవలెను.

చట్టంలో పాలు పట్టే విరామం అన్నారు గాని పాలు పిండుకొనే గది అనలేదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగే తల్లి ఆ విరామంలో ఇంటికి వచ్చి పాలు పట్టి పోగలదా? ఆమెకు ఆ విరామం పనికివచ్చేది తలుపు మూసుకొనే ఒక చోటు ఉన్నప్పుడే. పదిమంది కూడా లేని కుట్టు దుకాణాలకు, ఇళ్ళలో పనిచేసే స్త్రీలకు ఈ చట్టం నీడ అందదు. అక్కడ యజమాని దైవభీతి ఒక్కటే చట్టం.

ఈ విషయంలో మాకు కొంత పాఠం మా ఇంటనే లభించింది. మా కోడలు కూడా ఉద్యోగస్తురాలు. ఆమె మొదటిసారి ఫ్రిజ్‌లో పాలు ఉంచినప్పుడు మా ఇంటివారు "బాసీ పాలు బిడ్డకు పడతావా?" అన్నారు. మేమూ మౌనంగా ఉన్నాము. తరువాత పిల్లల వైద్యులు వివరించారు. పిండిన పాలు పాతిక డిగ్రీల వేడిమి లోపల నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలువ ఉంటవి. మన ఎండాకాలంలో బయట అంతసేపు నమ్మరాదు. పొయ్యిపై కాచకూడదు, వేడినీళ్ళ గిన్నెలో సీసా ఉంచవలెను. బిడ్డ త్రాగగా మిగిలినది దాచకూడదు. మరొక్క మాట కూడా చెప్పారు. మూడు గంటలకొకసారైనా పాలు తీయనిచో రొమ్ములు గడ్డకట్టి జ్వరం వస్తుంది, దేహం ఇక పాలు అవసరం లేదనుకొని క్రమంగా తగ్గించివేస్తుంది. తొమ్మిది గంటల డ్యూటీలో రెండుసార్లు పావుగంట దొరకనందుకు రెండేళ్ళ పాలు పోవుట ఇట్లాగే.

ఫిఖ్హ్ గ్రంథాలను మళ్ళీ చూచినప్పుడు మాకు తట్టిన సంగతి ఒకటి ఉన్నది. గిన్నెతో పోసిన పాలతో తల్లీబిడ్డల బంధం స్థిరపడుతుందని ఇమాములు వ్రాసినారంటే, అవి నిజమైన తల్లిపాలేనని ఒప్పుకున్నట్లు. "మిషను పాలు" అని ఎగతాళి చేసే అత్తగార్లు దీనిని ఆలోచించవలెను. పాలు పిండినందువలన వుజూ భంగం కాదు, రోజా భంగం కాదు, బట్టలపై పడిన పాలు నజాసత్ కాదు. ఈ మూడూ అడగలేక నమాజు విడిచిపెట్టిన స్త్రీలు ఉన్నారని విన్నాము, అందుకే వ్రాస్తున్నాము.

ఇంటి సంపాదనలో ఆమెది భాగం ఉన్నప్పుడు ఇంటి పనిలో భర్తది భాగం ఉండవలదా? సీసాలు మరిగించుట, పేరు, తేదీ వ్రాసి అంటించుట, రాత్రి బిడ్డను ఎత్తుకొనుట, ఇవి పురుషుని గౌరవానికి లోటు కావు. భార్య జీతం షరీఅత్ ప్రకారం ఆమె సొంతం. ఆమె ఇంటికి ఖర్చు చేస్తే అది ఆమె మేలు.

యూనిట్లు, పాఠశాలలు, క్లినిక్‌లు, దుకాణాలు నడిపే సోదరులు మన జమాఅత్‌లో ఎందరో ఉన్నారు. నమాజులో బిడ్డ ఏడుపు వినబడితే, తల్లి మనస్సు కలతపడునని దైవప్రవక్త (స) నమాజునే తగ్గించేవారు. అల్లాహ్ ఎదుట నిలబడిన సమయం అది. మీ ప్యాకింగ్ లైను దానికంటె గొప్పదేమీ కాదు. మేము అడిగేది లోపల గడియ ఉన్న తలుపు, ఒక కుర్చీ, చేతులు కడుగుకొనే నీళ్ళు, ఫ్రిజ్‌లో పేర్లు వ్రాసిన ఒక అర, రోజుకు రెండు పావుగంటలు. వచ్చే శుక్రవారం అస్ర్ తరువాత మీరంతా కొద్దిసేపు ఆగవలెనని కోరుతున్నాము. నాచారం యూనిట్ యజమానిని కలిసేందుకు ఆ ఇద్దరు తల్లుల భర్తలు కలిసి వెళ్ళనున్నారు, వారితో పోయేవారు కూడా కావలెను.

అల్లాహ్ మన తల్లుల పాలలో బర్కత్ ప్రసాదించుగాక, మన ఇళ్ళ పసివారిని కాపాడుగాక. ఆమీన్.

ఆ యువకుడు మొన్న మళ్ళీ వచ్చాడు. ఈద్‌కు బాబు పాలతల్లికి చీర పెట్టవచ్చునా అని అడిగాడు. దైవప్రవక్త (స) తమ పాలతల్లి హజ్రత్ హలీమా కోసం తమ పైవస్త్రం పరచి కూర్చోబెట్టినట్లు ఉల్లేఖనాలున్నవని చెప్పి, చీరతో పాటు ఆ పాపకు గౌను కూడా కొనమన్నాము.