వేషం వెనుక పేరు



కాణిపాకంలో ప్రమాణం చేసేవారు సొంత పేరుతో నిలబడతారు. తిరుపతి గంగజాతరలో బండ వేషం కట్టినవాడు మాత్రం దారినపోయేవారిని బూతులాడినా ఎవరూ తప్పుపట్టరు. నేడు మన బిడ్డలు కంప్యూటర్‌లో కట్టే వేషానికీ మన మాటే పేరు: అవతార్. 2003లో మొదలైన సెకండ్ లైఫ్‌లో నడవలేనివారు సైతం నాట్యమాడారు. వారికది ఊరట, దాన్ని తీసిపారేయకండి.

యాకోబు మేకపిల్లల చర్మం కప్పుకొని, అన్న పేరు చెప్పి దీవెన పొందాడు. ఆపై ఇల్లు విడిచి పారిపోయాడు. యబ్బోకు రేవు దగ్గర పేరు అడిగినప్పుడు మాత్రం యాకోబునని ఒప్పుకొన్నాడు. అక్కడే కొత్త పేరు దొరికింది.

ప్రియులారా, వేషమెందుకని బిడ్డను గద్దించే ముందు ఆలోచించండి: సొంత పేరుతో మాట్లాడితే మన ఇంట్లో, మన సంఘంలో వినేవారున్నారా? తీర్పుకు భయపడే కదా ముఖం దాచుకొనేది! ముందు మనం వినడం నేర్చుకొందము గాక. ఆమేన్.