పెరటి కూర – ఒంటికి రక్తం



2019-21లో దేశమంతా ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువని తేలింది. ఆయాసం, నీరసం, కళ్లు తిరగడం దాని గుర్తులు.

పెరట్లో కాస్త చోటుంటే తోటకూర వేయండి. విత్తనం సన్నం. ఇసుకలో కలిపి చల్లండి. బియ్యం కడిగిన నీళ్లు పొయ్యండి. నెల రోజులకు కూర చేతికొస్తుంది. మునగ కొమ్మ పాతండి. ఆకూ కాయా రెండూ కూరే.

ఆకు కడిగాకే తరగాలి. కూర దించి నిమ్మకాయ పిండితే ఆకులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే సరిగా ఒంటబట్టదు.

గర్భిణులు ఐరన్ మాత్రలు మానకూడదు. కూర వాటికి తోడు మాత్రమే.

అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది కాదు ఇల్లాలి వాటా. పండించిన చెయ్యి కూడా కడుపునిండా తినాలి.