ముత్యము పేరు: మార్గరెట్ అను నామమును గూర్చి



ఏ విద్వాంసుని స్మృత్యర్థము నేటి సభ కూడినదో ఆయన పదముల పుట్టుక వెదకుటయందే ఆయువంతయు గడపినవారు గావున, వారి పేర నేర్పడిన యీ వేదికపై నొక్క స్త్రీనామపు పుట్టుకను విచారించుట అనుచితము కాదని తలచితిని.

మార్గరెట్ అనగానే మనకు దొరసానులు స్ఫురింతురు. కాని యీ పేరు ఇంగ్లీషువారికి ఫ్రెంచి 'మార్గరీట్' నుండియు, ఫ్రెంచివారికి లాటిను 'మార్గరీత' నుండియు, లాటినునకు గ్రీకు 'మార్గరీతేస్' నుండియు సంక్రమించినది. గ్రీకున దాని యర్థము ముత్యము. అరిస్టాటిలు శిష్యుడగు థియోఫ్రాస్టసు శిలలను గూర్చి వ్రాసిన గ్రంథమున, ఇది యొక విధమగు ఆల్చిప్పలో పుట్టుననియు, హిందూదేశమున దొరకుననియు చెప్పియున్నాడు.

గ్రీకు చరిత్రకారుడగు ఏరియను హిందూదేశమును గూర్చి వ్రాసిన గ్రంథమున నింకను రమ్యమైన కథ యున్నది. భూమియు సముద్రమును గాలించిన గ్రీకు వీరుడు హెరాక్లీసు, ఎన్నడును చూడని యొక భూషణమును కడలిలో కనుగొని, తన కూతురు పాండయ మెడకు శోభగా నుండునని తెచ్చెనట. దానిని హిందువులు తమ భాషలో మార్గరీత యందురట. మేలిమి బంగారమునకు మూడింతలు తూగు వెల యట! పాండయ యను పేరు వినిన తెలుగువాడెవడు పాండ్యదేశమును, అందలి కొర్కై రేవు ముత్యములను తలపకుండును?

ఒకప్పుడు హైదరాబాదు పత్తర్‌గట్టీలో నొక వృద్ధ వర్తకుడు ముత్యమును ముందరి పంటికి మెల్లగా రాచి, గరగరలాడినచో నిజమైనదనియు, జారిపోయినచో గాజుదనియు నాకు చూపెను. పదములకును అట్టి పరీక్ష కావలయును. సంస్కృత నిఘంటువులు 'మంజరి'కి పూగుత్తి యను ప్రసిద్ధార్థముతో పాటు ముత్యమను అర్థమును చెప్పుచున్నవి. గ్రీకు పదమునకు మూలమదియే యని కొందరందురు. ఇరాను భాషలలోనిదే యని మరికొందరందురు. పారసీకపు 'మర్వారీద్' వారికి సాక్ష్యము. ఏరియను మాట నొక్కదానిని పట్టుకొని 'అంతయు మనదే' యని జబ్బలు చరచుకొనుట నాకు సమ్మతము కాదు. అయినను, ఫ్రెంచి భాషలో మార్గరీట్ అనిన చేమంతిని పోలిన యొక తెల్లపువ్వు కూడ గదా! ముత్యమును పువ్వును ఒక్క మాటలో చూచుట ఆ వైపునను ఈ వైపునను జరిగినది. 

అంతియొకయ పునీతురాలగు మార్గరెట్ వలనను, 1093లో గతించిన స్కాట్లండు రాణి వలనను ఈ నామము ఐరోపాలో ఇల్లిల్లు చేరినది. ఐర్లండున పుట్టిన ఇద్దరు మార్గరెట్‌లు మన దేశమునకు వచ్చిరి. మార్గరెట్ నోబుల్ 1898లో సోదరి నివేదిత యయ్యెను. రెండవయామె మార్గరెట్ కజిన్స్, పేరు మార్చుకొనలేదు. 1919లో రవీంద్రులు మదనపల్లెకు వచ్చినప్పుడు, ఆమె భర్త ప్రిన్సిపాలుగా నున్న బిసెంటు కళాశాలలో, 'జనగణమన' స్వరములను కాగితముపై నెక్కించినది ఆమెయే. ఆ దినములలో ఆమె పేరున కర్థము తెలిసికొని, ఇంటికి పోయి 'మన దొరసాని ముత్యాలమ్మయే' యని తల్లితో చెప్పిన విద్యార్థి యొక్కడైన నుండెనేమో యని నేను ఆశపడుచుందును.