తలనొప్పి అంటే పడుకోబెట్టకండి

ఈ రోజు నర్సింగ్ పట్టా అందుకున్న మీలో చాలామంది ముదినేపల్లి, కైకలూరు చుట్టుపక్కల లేబర్ రూముల్లోనే డ్యూటీ చేస్తారు. ఎప్పుడో ఒకరోజు అక్కడికి వీల్‌చైర్‌లో ఒక గర్భిణి వస్తుంది. నా మాటలన్నీ ఆమె గురించే.

వెన్నుపాముకు దెబ్బ తగిలినా గర్భసంచి పని ఆగదు. కొన్ని నెలలు ఆగిన నెలసరి మళ్లీ వస్తుంది, గర్భం నిలుస్తుంది, మామూలు కాన్పూ అవుతుంది. "ఈ స్థితిలో నీకు పిల్లలెందుకమ్మా" అని మాత్రం అనకండి. వెల్లూరు సీఎంసీలో గైనకాలజీ వైపు అడుగులేస్తున్న డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాయి. ఆమె వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ మొదలైన పునరావాస కేంద్రాన్ని నడిపించారు. అలాంటి మనిషికి తన శరీరం సంగతి మనం చెప్పాలా?

దెబ్బ టీ10 పూసకు పైన ఉంటే నొప్పులు తెలియకపోవచ్చు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, గట్టిపడుతోందేమో చూసుకోవడం ఏడో నెల నుంచే ఆమెకు నేర్పండి.

టీ6 దగ్గరో, ఆ పైనో దెబ్బ ఉంటే ఇంకా జాగ్రత్త. నొప్పులు మొదలైనా, మూత్రం నిండినా, మలబద్ధకం ఉన్నా బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. తల పగిలిపోతోందంటుంది. మొహం ఎర్రబడి చెమటలు పడతాయి, చాలాసార్లు నాడి నెమ్మదిస్తుంది. ఆమె మామూలు బీపీ 90/60 అయితే, 130/85 మనకు నార్మల్‌గానే కనబడుతుంది, ఆమెకు అదే ప్రమాదం. అందుకే మొదటి చెకప్‌లోనే ఆ అంకె కార్డు మీద రాయండి.

తలనొప్పి అనగానే పడుకోబెట్టడం మన అలవాటు. ఈమెను మాత్రం లేపి కూర్చోబెట్టండి. బిగుతు బట్టలు వదులు చేయండి. యూరిన్ పైపు మడతపడిందా, బ్యాగ్ నిండిందా చూస్తూనే డాక్టరును పిలవండి. వెన్నుపాము దెబ్బ వల్ల ఇలా బీపీ ఎగబాకడాన్ని గుర్రపువాతంగా పొరబడేవాళ్లున్నారు. నొప్పితోపాటు బీపీ పెరిగి, నొప్పి విడవగానే దిగుతుంటే ఇదేనేమోనని అనుమానించండి. నొప్పుల ఆరంభంలోనే మత్తు డాక్టరు ఎపిడ్యూరల్ ఇస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. "నొప్పే తెలియని మనిషికి మత్తెందుకు" అని ఎవరైనా అడిగితే, మత్తు ఈ బీపీ కోసమని చెప్పండి.

ఇక కొల్లేరు సంగతి మీకు తెలిసిందే. అది పొంగితే కైకలూరు నుంచి ఏలూరు దారి మునుగుతుంది. వానాకాలంలో నెలలు నిండే గర్భిణి అయితే ఆ దారి నమ్ముకోకుండా, మత్తు డాక్టరున్న పెద్దాసుపత్రిలో ముందుగానే చేర్పించండి. వెంట వెళ్లేవాళ్ల చేతికి ఆ కార్డు ఇవ్వండి.