ఫ్యాన్లు అరిచినా పవర్ కేబుల్ లాగొద్దు: సర్వర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎలా చేయాలి?

ఫోన్‌లో అప్‌డేట్ పెట్టినప్పుడు "మధ్యలో ఆఫ్ చేయకండి" అని ఒక లైన్ వస్తుంది కదా? మనం చదవకుండానే ఓకే కొట్టేస్తాం. ఈరోజు ఎపిసోడ్ ఆ లైన్ గురించే. కాకపోతే ఫోన్‌లో కాదు, సర్వర్‌లో.

ముందు నా కథ చెప్తా. అమీర్‌పేటలో కోర్సు చేసి, మొదటి ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. కంపెనీ పేరు వద్దులెండి. శనివారం రాత్రి సర్వర్ రూమ్‌లో నేనొక్కడినే. ఒక సర్వర్‌కి మేనేజ్‌మెంట్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాలి. సోమవారం జీతాలు వేయాల్సిన డేటా అంతా దాంట్లోనే ఉంది. అప్‌డేట్ నొక్కా. కాసేపటికి బ్రౌజర్‌లో పేజీ పోయింది. వెంటనే ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడ్‌లో గోల మొదలుపెట్టాయి. చచ్చాంరా దేవుడా అనుకుని పవర్ కేబుల్ మీద చెయ్యి వేశా. లాగేముందు ఎందుకో సీనియర్‌కి ఫోన్ చేశా.

"అన్నా, సర్వర్ పోయింది!"

"దాంట్లో నడిచే అప్లికేషన్ ఓపెన్ అవుతోందా? చూడు."

నా ల్యాప్‌టాప్‌లో చూశా. అవుతోంది!

"మరి పోయిందేంట్రా? దాని లోపలున్న చిన్న కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది, అంతే. చేతులు కట్టుకుని కూర్చో."

ఏడెనిమిది నిమిషాలకి ఫ్యాన్లు నెమ్మదించాయి, పేజీ మళ్లీ వచ్చింది. ఆ రోజు కేబుల్ లాగి ఉంటే? నడుస్తున్న డేటాబేస్ ఠక్కున ఆగిపోయేది. చిప్‌లోకి ఫర్మ్‌వేర్ సగమే ఎక్కి ఉంటే మదర్‌బోర్డే మార్చాల్సి వచ్చేదేమో.

ఇంతకీ ఆ చిన్న కంప్యూటర్ ఏంటి? దాన్ని బీఎంసీ అంటారు, అంటే బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్. మదర్‌బోర్డ్ మీదే ఉంటుంది. ప్రాసెసర్ వేరే, మెమరీ వేరే. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా, ప్లగ్‌లో కరెంటు ఉంటే చాలు, ఇది మేలుకునే ఉంటుంది. డెల్ వాళ్లు దీన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీఈ వాళ్లు ఐలో అంటారు, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్. ఇంట్లో కూర్చుని కూడా దీని ద్వారా సర్వర్ ఆన్ చేయొచ్చు, స్క్రీన్ చూడొచ్చు.

ఇప్పుడు డెల్ పవర్‌ఎడ్జ్‌ని ఉదాహరణగా తీసుకుందాం. బూట్ అయ్యేటప్పుడు ఎఫ్10 నొక్కితే లైఫ్‌సైకిల్ కంట్రోలర్ తెరుచుకుంటుంది. హెచ్‌పీఈలో కూడా ఎఫ్10 నొక్కితే ఇంటెలిజెంట్ ప్రొవిజనింగ్ వస్తుంది. డిస్కులు ఖాళీగా ఉన్నా, ఓఎస్ లేకపోయినా పనిచేస్తుంది. ఫోన్‌లో రికవరీ మోడ్ ఉంటుంది చూడండి, అలాంటిదే అనుకోండి, కానీ దానికన్నా చాలా ఎక్కువ పనులు చేస్తుంది.

దాంట్లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లోకి వెళ్లండి. ఫైళ్లు ఎక్కడినుంచి తేవాలో అడుగుతుంది: ఇంటర్నెట్, ఆఫీసు నెట్‌వర్క్‌లోని షేర్డ్ ఫోల్డర్, లేదా పెన్‌డ్రైవ్. ఇప్పుడున్న వెర్షన్, కొత్త వెర్షన్ పక్కపక్కన చూపిస్తుంది. ఇక్కడే అందరూ చేసే తప్పు, అన్నిటికీ ఒకేసారి టిక్ పెట్టేయడం. నేనైతే ముందు ఐడ్రాక్, తర్వాత బయాస్, ఆ తర్వాత రెయిడ్ కంట్రోలర్, నెట్‌వర్క్ కార్డు, ఈ వరుసలో చేస్తా. వెర్షన్ మరీ పాతదైతే రిలీజ్ నోట్స్ చదవండి. మధ్యలో ఇంకో వెర్షన్ వేసి వెళ్లమని కొన్నిసార్లు రాస్తారు. ఐడ్రాక్ అప్‌డేట్‌కి సర్వర్ రీస్టార్ట్ అక్కర్లేదు, బయాస్‌కి కావాలి. అందుకని వాడేవాళ్లకి ముందే చెప్పి, టైమ్ తీసుకోండి. కొత్త వెర్షన్ తేడా చేస్తే రోల్‌బ్యాక్‌లో ముందటి వెర్షన్‌కి వెళ్లొచ్చు. బయాస్, ఐడ్రాక్ లాంటి ముఖ్యమైన వాటికి ఆ సదుపాయం ఉంది.

హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్ కూడా ఇక్కడే. ఒక్కో టెరాబైట్ డిస్కులు నాలుగు ఉన్నాయనుకోండి. రెయిడ్ 5 పెడితే వాడుకోవడానికి 3 టెరాబైట్లు వస్తాయి, ఒక డిస్క్ పోయినా డేటా ఉంటుంది. కానీ గుర్తుపెట్టుకోండి, పాత రెయిడ్ తీసేసి కొత్తది కట్టి ఇనిషియలైజ్ చేస్తే పాత డేటా గోవిందా. బ్యాకప్ లేకుండా ఆ మెనూ జోలికి వెళ్లకండి.

ఇంకో మంచి అలవాటు చెప్తా. మార్పు చేసేముందు సర్వర్ కాన్ఫిగరేషన్ ప్రొఫైల్‌ని ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. బయాస్, రెయిడ్, నెట్‌వర్క్ సెట్టింగులన్నీ ఒక్క ఫైల్‌లో వస్తాయి. అలాంటివే పది సర్వర్లుంటే అదే ఫైల్ ఇంపోర్ట్ చేసుకోవచ్చు. అయితే దాంట్లో ఉండేవి సెట్టింగులు, మీ డేటా కాదు.

చివరిగా, పాత డెల్ సర్వర్లలో డిఫాల్ట్ యూజర్ రూట్, పాస్‌వర్డ్ కాల్విన్. ఇది లోకమంతా తెలిసిన రహస్యం! మొదటిరోజే మార్చండి. ఆ మేనేజ్‌మెంట్ పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి మాత్రం కలపొద్దు. అది ఎవరి చేతికి చిక్కితే సర్వర్ మొత్తం వాళ్లదే.

నేను ఇప్పటికీ అప్‌డేట్ నొక్కాక కేబుళ్ల పక్కన నిలబడను. వెళ్లి ఒక టీ తాగి వస్తా. వచ్చేసరికి జాబ్ క్యూలో "కంప్లీటెడ్" అని ఉంటుంది. లేకపోతే ముందు లాగ్ చదువుతా, ఆ తర్వాతే చెయ్యి వేస్తా. మీరూ అంతే చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.