బొగ్గుట్టకు వేసవి ప్రయాణము
(యువజన సమాజపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



మొన్న మే నెలలో మేము నలుగురం ఏలూరునుండి కారు కట్టించుకొని బొగ్గు గనుల ఊళ్ళు చూచి వచ్చాము. ఆ సంగతులు నాలుగు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. “మే నెలలో కొత్తగూడెమా!” అని నవ్వినవారు ఈ సభలోనే ఉన్నారు. నవ్వడం న్యాయమే. ఎండలకు పేరుపడ్డ ఊరది. కాని పిల్లలకు సెలవులు దొరికేది అప్పుడే కదా.

గనులంటే మనకు దూరపు మాటగా తోస్తుంది. మనకు తెలిసినవి కాలువలు, వరి, కొల్లేటి చేప. అయినా జంగారెడ్డిగూడెం మెట్టన పొగాకు బేరన్లలో కట్టెలతోపాటు కాలింది సింగరేణి బొగ్గే. 1979లో మొదటి యూనిట్ నడిచిన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనుకు వెళ్ళినదీ అదే. ఇంకొక సంగతి చాలామంది ఎరుగరు. గోదావరి లోయ వెంట ఆదిలాబాదు వైపునుండి దిగివచ్చే బొగ్గు పొరలు ఖమ్మం జిల్లాతో ఆగిపోలేదు. మన చింతలపూడి మెట్ట కింద కూడ ఉన్నాయని భూగర్భ సర్వేవారు బోర్లు వేసి తేల్చారు. అది ఎప్పుడు తవ్వుతారో, అసలు తవ్వుతారో లేదో నేను చెప్పజాలను. కాని తవ్విన ఊళ్ళు ఎలా ఉన్నాయో ముందుగా చూడడం మనకు అవసరమని నా అభిప్రాయం. నేను ఆ కళ్ళతోనే చూశాను. తక్కినవారు విహారయాత్రగా వచ్చారు.

ధర్మాజీగూడెం మీదుగా చింతలపూడి చేరేవరకు పామాయిలు తోటలు, మామిడి తోటలు తప్ప కంటికి మరేమీ ఆనలేదు. సత్తుపల్లి దగ్గర మాత్రం మా కుర్రవాడు కిటికీలోనుండి చూచి, “బాబాయిగారూ, ఆ కొండ మీద చెట్లు వరసగా ఉన్నాయేమిటండీ?” అని అడిగాడు. వాడి అనుమానం సరియైనదే. అది కొండ కాదు. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మీద ఉన్న మట్టినీ రాతినీ ఎత్తి పోసిన కుప్ప. మెట్లు మెట్లుగా పోసి, దాని మీద మొక్కలు నాటుతారు. దేవుడు చేసిన కొండలలో చెట్లు ఎవరి వరసలోను నిలబడవు. తరువాత కొత్తగూడెందాకా వాడికి అదే ఆట: ఇది కొండా, కుప్పా? రెండు మూడు చోట్ల నేను కూడ చెప్పలేకపోయాను.

కొత్తగూడెం పెద్ద ఊరు. కంపెనీ ప్రధాన కార్యాలయం అక్కడే. దాని పక్కనే పాల్వంచ థర్మల్ స్టేషను. 1969లో అక్కడి ఉద్యోగాల తగవే తెలంగాణా ఉద్యమానికి నిప్పు రాజేసింది. ఉద్యోగాలకు కోస్తా జిల్లాలనుండి వెళ్ళినవారి సంతతి ఆ ప్రాంతపు సంఘాలలో నేటికీ ఉన్నారు గనుక ఇది మనకు తెలిసి ఉండడం మంచిది. పాత స్టేషను ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో మందు పెట్టి కూల్చివేశారు. దూరానికి గురుతుగా ఉండిన ఆ ఆకారాలు ఇప్పుడు లేవు.

అసలు చూడవలసినది ఇల్లెందు. పాతవారి నోట అది బొగ్గుట్ట. 1871లో భూగర్భ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు కనుగొన్నాడు. ఆ పొరకు కింగ్ సీమ్ అని పేరు. పక్క పొరను క్వీన్ సీమ్ అన్నారు గనుక చాలామంది అది ఏ రాజుగారి పేరో అనుకుంటారు! 1886లో ఇంగ్లండులో హైదరాబాదు దక్కన్ కంపెనీ పుట్టింది. 1889లో తవ్వకం మొదలయింది. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చింది. సింగరేణి అనేది కారేపల్లి దగ్గరి చిన్న గ్రామం. ఆ పల్లె పేరు ఇంత పెద్ద సంస్థకు ఎక్కింది. 1945లో నిజాం ప్రభుత్వం దాని వాటాలు కొని తన చేతిలోకి తీసుకున్నది.

ఇల్లెందులో, ఉద్యోగం చాలించిన ఒక పెద్దాయన ఇంట మధ్యాహ్నం భోజనం చేశాము. ఆయన టింబర్‌మన్. గని పైకప్పుకు దుంగలు ఆనించడం ఆయన పని. బొగ్గు తవ్వేటప్పుడు అంతా తవ్వరట. మధ్య మధ్య బొగ్గునే స్తంభాలుగా వదిలి, వాటి మీద పైకప్పును నిలుపుతారు. చివరకు వెనక్కు వస్తూ ఆ స్తంభాలను కూడ తీసేస్తారు. ఖాళీలో ఇసుకయినా నింపాలి, లేదా కప్పును కూలనివ్వాలి. ప్రమాదమంతా ఆ వెనుకడుగులోనే ఉన్నది. బరువు పడగానే కర్ర దుంగ చిటపటలాడుతుందట. ఆ శబ్దం వినగానే తట్టా చెమ్మసూ అక్కడే పారవేసి పరుగెత్తాలి. ఇనుప స్తంభాలు వచ్చాక కూడ పాతవాళ్ళు కర్రనే నమ్మారని, అది ముందుగా చెప్తుంది గనుక అని ఆయన అన్నాడు. ఆయన ఇంకా గనిని బాయి అనే అంటాడు. మాట్లాడుతూ మధ్యలో దగ్గు వచ్చి ఆగిపోయేవాడు. ఆ దగ్గును గురించి మేము అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇల్లెందు చచ్చిన ఊరేమీ కాదు. బజారు కళకళలాడుతున్నది. కాని భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి, యంత్రాలతో తవ్వే ఓపెన్‌కాస్టులు మిగిలాయి. లెక్క చూడండి. 1990 ప్రాంతంలో మొత్తం సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఏడాదికి రెండు కోట్ల టన్నులకు లోపు తీశారు. 2023–24లో ఏడు కోట్ల టన్నులు తీశారు. కార్మికులు 40 వేల ప్రాంతంలో ఉన్నారు. బొగ్గు పెరిగింది, జీతాల ఇళ్ళు తగ్గాయి. కనుక చింతలపూడిలో గని వస్తే ఇంటికొక ఉద్యోగం వస్తుందని లెక్క కట్టుకునేవారు 1990 నాటి సింగరేణిని తలుచుకుంటున్నారు. రేపు వచ్చేది ఆ సింగరేణి కాదు.

కొల్లేటి సంగతి మనకు అనుభవమే. 2006లో చేపల చెరువుల గట్లు తెంచితే నీరు తిరిగి తన పల్లం వెతుక్కున్నది. గట్టు తెంచితే సరస్సు తిరిగి వస్తుంది గాని, అడుగున నీటి ఊటలు కోసిన గొయ్యి పూడ్చితే మెట్ట బావులకు పాత నీరు వస్తుందని నేను నమ్మలేను. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగిన గనులవి. తమిళులతోపాటు మన తెలుగువారూ ఎందరో అక్కడ పనిచేశారు. ఇప్పుడు వారి పిల్లలు రోజూ రైలెక్కి బెంగుళూరు పోయి పనిచేసి వస్తున్నారు. రైలు దూరంలో బెంగుళూరు ఉన్నది గనుక ఆ ఊరు నిలిచింది. ఇల్లెందుకు అలాంటి మహానగరం చెంత లేదు.

తిరుగు దారిలో డోర్నకల్ చూశాము. బొగ్గు కోసం ఇల్లెందు వైపు శాఖ లైను చీలకపోతే ఆ జంక్షనే లేదు. 1909లో అజరయ్యగారు తిరునల్వేలినుండి మిషనరీగా ఆ జంక్షనుకే వచ్చారు. 1912లో బిషప్పుగా అభిషేకం పొందారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడేవరకు ఏలూరు కూడ డోర్నకల్ డయాసిస్‌లోనిదే. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దేవాలయం గుమ్మటాలు, మినార్లు, రాతి స్తంభాలతో మసీదునూ గుడినీ కూడ తలపిస్తుంది. ఎండలో వచ్చినవారికి లోపల చల్లగా ఉన్నది. మా కుర్రవాడు ఆ చల్లటి బండల మీద పడి నిద్రపోయాడు.

వచ్చే వేసవిలో వెళ్ళదలచినవారు రెండు రోజులు చాలుననుకోవద్దు, మూడు పెట్టుకోండి. నీళ్ళ క్యాను తప్పనిసరి. ఇల్లెందులో ముందు బజారు చూచి, పాత క్వార్టర్ల వైపు సాయంత్రం వెళ్ళండి. అరుగుల మీద పెద్దవాళ్ళు కూర్చునేది అప్పుడే. చింతలపూడి, లింగపాలెం వైపునుండి ఎవరైనా వస్తానంటే వారికి కారులో మొదటి చోటు ఇవ్వండి. వారు ఆ పెద్దలను అడగవలసినవి చాలా ఉన్నాయి.